నోరు మూయని అత్త

పదకొండేళ్లు జీన్స్ ప్యాంట్లకు వెనక జేబులు కుట్టాను.
ఎడమ జేబు మాత్రమే.
కుడి జేబు నా పక్క సీటు సెబొలేలోది.
ఫ్యాక్టరీకి తాళం పడ్డ రోజు
మసేరు బస్టాండులో నిలబడితే
చెవుల్లో మిషన్లు ఆగలేదు.
రాత్రి దిండు కింద కూడా అవే,
నాలుగొందల సూదులు
ఒకేసారి దిగి, ఒకేసారి లేచి.

ఎవరో చెప్పారు.
మలూటి కొండల్లో, రోడ్డు అయిపోయాక
రెండు రోజుల నడకలో ఒక జలపాతం ఉందట.
దాని పేరు నోరు మూయని అత్త.
ముందు నిలబడి అరిస్తే
నీ అరుపు నీకే వినబడదట.
అదే కావాలనిపించింది,
చెవుల్ని కడిగి పారేసే పెద్ద చప్పుడు.

దారి చూపడానికి మాపులెంగ్ వచ్చింది.
ఆ పేరుకి, వానలో పుట్టిన పిల్ల తల్లి అని అర్థం.
ఒంటి చుట్టూ దుప్పటి, దానికో పెద్ద పిన్నీసు,
కాళ్లకు మగవాళ్ల గమ్ బూట్లు,
ఒకటి నలుపు, ఒకటి తెలుపు.
నేను చూస్తుంటే
"రెండూ బతికే ఉన్నాయిగా" అంది.

మొదటి రోజంతా ఎక్కడమే.
కలబంద పొదలు వెనకబడ్డాయి, జొన్న మోళ్లు వెనకబడ్డాయి,
నా ఊపిరి వెనకబడింది.
ఆ పైన చెట్టన్నది లేదు.
గడ్డి, నల్లరాయి, మళ్లీ గడ్డి.
నేను ఆగినప్పుడల్లా తనూ ఆగేది,
నాకు అలసటే లేనట్టు,
కొండే తనని ఏదో అడిగినట్టు దూరంగా చూస్తూ.

రాత్రి పశువుల కాపర్ల రాతిగుడిసెలో పడుకున్నాం.
ఇద్దరు కుర్రాళ్లు, మూడు కుక్కలు, పిడకల పొగ.
చిన్నవాడు లెబూసా, మొక్కజొన్న ముద్ద నా చేతిలో పెడుతూ
"రేపు అత్త దగ్గరికా? కానీ అక్కడ..." అన్నాడు.
పెద్దవాడు వాడి మోకాలు తట్టాడు.
వాడు ముద్ద మింగాడు, మాట కూడా.

మర్నాడు మధ్యాహ్నం లోయ అంచుకి చేరాం.
గాలి ఉంది. చాలా ఎత్తున ఒక రాబందు ఉంది.
ఎదురుగా నిట్టనిలువు కొండచరియ,
దాని మీద పైనుంచి కిందికి ఒక నల్లటి చార,
గోడకి తల ఆనించి ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి
లేచిపోయాక మిగిలే నూనె మరకలా.

నీళ్లు లేవు.

మాపులెంగ్ కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత తిట్లు మొదలుపెట్టింది, చరియ కేసి చూస్తూ.
"చుట్టాన్ని తెచ్చానే! రెండు రోజులు నడిపించి తెచ్చాను.
ముఖం చాటేస్తావా?
నా పెళ్లినాడు నీ గోలకి పాటలే వినబడలేదు,
ఈవేళ ఒక్క మాటకి కరువొచ్చిందా?"
ఆ మాటలు రాతికి తగిలి
ఒక్కటీ పోకుండా తిరిగొచ్చాయి.
అప్పుడు సిగ్గుపడింది.
కూలి డబ్బులో సగం మడిచి
నా జేబులో పెట్టబోయింది. ఎడమ జేబులో.
"ఇంట్లో మనిషి లేనప్పుడు పూర్తి కూలి ఎలా తీసుకోను, అవుసీ?"
ఆ చెయ్యి పట్టుకున్నాను.
వదిలితే పెట్టేస్తుందని
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.

అయినా అడుగుదాకా దిగాం.
మడుగు ఉండాల్సిన చోట పగిలిన బురద,
అందులో గట్టిపడ్డ గిట్టల అచ్చులు.
పలకరాయి మీద కూర్చుని
ఉడికిన గుడ్లు విప్పుతుంటే

టప్.

పైన ఎక్కడో, ఏ చీలికలోంచో.
పాత అలవాటు, లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
అంగుళానికి ఎనిమిది కుట్లు పడాలి.
టప్.
మూడోది తొందరగా పడింది,
నాలుగోది రాదేమో అనుకున్నాక వచ్చింది,
అయిదోదాన్ని గాలి పక్కకి లాక్కుపోయింది.
వంకర కుట్టు.
మా సూపర్‌వైజరైతే ప్యాంటు నా ముఖాన కొట్టేవాడు.
ఆరో చుక్క కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాక తెలిసింది,
నాలుగొందల సూదుల్లో
ఒక్కటీ కదలడం లేదని.
ఎప్పుడు ఆగాయో చూసుకోలేదు.

"ఏమంటోంది?" అంది మాపులెంగ్, పెంకు ఒలుస్తూ.
పెదవి మీద వేలు పెట్టాను.
ఆమె నల్లబూటు విప్పి, రాయి దులిపి,
చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.