సైరన్‌కీ పేలుడుకీ మధ్య

మధ్యాహ్నం రెండున్నరకి బల్లార్‌పూర్‌లో సైరన్ మోగుతుంది.
పిన్ని అన్నం గిన్నె మీద మూత సరిచేస్తుంది.
పక్కింటి లంకాబాయి మేక నెమరేయడం ఆపుతుంది.
నేను ల్యాప్‌టాప్‌ని అరచేత్తో అదిమి పట్టుకుంటాను.
తర్వాత ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడం ఎంతసేపో మా కాలనీలో అందరికీ ఒంటికి తెలుసు.

పేలుడు ముందు పాదాల్లోకి వస్తుంది,
చెవుల్లోకి తర్వాత.
అల్మారాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

డ్రాప్ అంటే ఏంటని అడిగినవాళ్ళకి
ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ప్రశిక్ భావుకి మాత్రం ఇంకోటి కావాలి.
అతని డీజే బండి మీద పద్దెనిమిది బాక్సులు.
"గణపతికి కిటికీలు పగలాలి పోరీ,
ఏడుపు ఎవడిక్కావాలి?"
కిటికీలు రాయితో కూడా పగుల్తాయి భావూ.
పగిలిన కిటికీలోంచి లోపలికొచ్చే గాలి,
నాక్కావలసింది అది.

మూడు నెలలుగా ఒక్క డ్రాప్ దగ్గరే కూచున్నాను.
వేగం నూట నలభై, నడక మాత్రం డెబ్భై,
రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చే మనిషి నడక.
ఒకే స్వరాన్ని ఏడుసార్లు పరిచి
ఒక్కోదాన్నీ వెంట్రుకంత తప్పు శ్రుతిలో పెట్టాను.
నల్లా దగ్గర ఏడుగురు ఆడవాళ్ళు
ఒకే పిల్లాణ్ణి ఒకేసారి పిలిచినట్టుండాలి.
తప్పు లేకపోతే వెడల్పు రాదు.

కిక్ పడ్డప్పుడల్లా తీగలన్నీ తలవంచి దారివ్వాలి,
రాజురా రోడ్డు మీద బొగ్గు టిప్పరొస్తే
సైకిళ్ళు మట్టిలోకి దిగినట్టు.
అది పోయాక మళ్ళీ రోడ్డెక్కుతాయి చూడు,
ఊపిరంతా ఆ ఎక్కడంలో ఉంది.

ఇన్ని చేసినా ఏడుపు రాలేదు.
శబ్దం వచ్చింది, బోలెడంత.

మా నాన్న ఓదేలు ఇరవై రెండేళ్ళు భూమి కింద
ఇనప కడ్డీతో కప్పుని కొట్టి విన్నవాడు.
గట్టి కప్పు గణ్‌మంటుంది.
ఊడే కప్పు డొల్లగా మాట్లాడుతుంది.
ఎడమ చెవి గనికే ఇచ్చేశాడు.
కుడి చెవి బాక్సుకి ఆనించి, కళ్ళు మూసి, విన్నాడు.
"మధ్యల డొల్లగున్నది బిడ్డా.
నింపినవ్ గని, నిలబెట్టలె."

ఆ రాత్రి నింపిందంతా తీసేశాను.
హోరు తీశాను, చప్పట్లు తీశాను,
పిన్ని గొంతు ముక్కలు చేసి వాడానే, అదీ తీశాను.
డ్రాప్‌కి ముందు సగం కొలత ఖాళీ ఉంచాను,
మన రెండున్నర ఖాళీ.

తెల్లారి నాన్నని మళ్ళీ కూచోబెట్టాను.
తీగలు పైకెక్కాయి, ఎక్కాయి,
ఖాళీ వచ్చింది,
కరెంటు పోయింది.

ల్యాప్‌టాప్ మీద గీత మాత్రం నడుస్తూనే ఉంది.
నా డ్రాప్ తెర మీద కొండంత లేచి
చప్పుడు లేకుండా దాటిపోయింది.
నాన్న చెయ్యి ఇంకా బాక్సు మీదే.
నేను లేవబోతే ఆపాడు.
"పేలని మందు కాడికి అరగంట దాక పోవద్దు."

నవ్వుతాడనుకున్నాను.
నవ్వలేదు.

ఆ అరగంటలో, పదకొండేళ్ళకి మొదటిసారి,
లంకాబాయి మొగుడు సోమాజీ పేరెత్తాడు.
"నేనే కొట్టిన. గణ్‌మన్నది.
రమ్మన్న."

అంతే చెప్పాడు.
ఏ చెవితో విన్నాడో నేనడగలేదు.
గోడ అవతల మేక దేన్నో నములుతోంది.
ఫ్యాన్ రెక్క మీద దుమ్ము
ఎప్పుడూ అంత స్పష్టంగా చూళ్ళేదు.

కరెంటొచ్చింది.
బాక్సు ఒకసారి గొంతు సవరించుకుని
సన్నగా గుయ్‌మంటూ కూచుంది.

ఇద్దరిలో ఎవరమూ ప్లే నొక్కలేదు.