కండె వైపు

పొదిలి బస్టాండు వెనక సందులో
హుసేనమ్మ మిషను.
బడిపిల్లల యూనిఫారాలు, జతకింతని
గ్రూపు లీడరు పంచే పని.

మే నెలలోనే ఒంగోలు పోయి
అప్పు మీద తెచ్చుకుంది మూడు పెట్టెల దారం.
ఏ రంగో నేను చెప్పను,
నేనూ ఈ ఊళ్ళోనే తిరగాలి.

లెక్కింపు రోజు
టపాసుల మోతకి ఉలిక్కిపడి
సూది విరగ్గొట్టుకుంది.
కిటికీ మూసి, ఇంకోటి బిగించి
మళ్ళీ తొక్కుడు.

వారానికి కబురొచ్చింది:
రంగు మారిద్ది, ఉన్న గుడ్డ ఆపండి,
కుట్టిన వాటికి బిల్లు... చూద్దాం.
చెప్పింది కొత్త గ్రూపు లీడరు.

ఒంగోలు షావుకారు ఫోను:
"గవర్నమెంటు మారితే నా బాకీ మారిద్దా ఏందమ్మా?"
దారం వాపసు తీసుకోమంటే
నవ్వాడంట.

మొన్న నా తెల్ల చొక్కా చంక కాడ పిగిలితే ఇచ్చాను.
ఇరవై రూపాయలు.
పైకి తెల్లదారమే.
ఇంటికొచ్చి తిప్పి చూస్తే
కండె వైపు
పోయిన ప్రభుత్వం.

అడిగాను.
పంటితో దారం కొరుకుతూ అంది:
"లోపలి కుట్టు ఎవురు చూస్తారు సార్,
గట్టిగా ఉందా లేదా, అది చూడు."

నిన్న విజయోత్సవం.
కొత్త కండువాలేసుకుని ముందు నడిచినోళ్ళ
ప్యాంటు అంచులు చూస్తూ నిలబడ్డాను,
సగం ఆమె మడిచి కుట్టినవే.

ఇంకా
రెండు పెట్టెలున్నాయి.