పరాయి ఆటలో గొడుగు మావ

మార్కాపురం బస్టాండు వెనక
దస్తగిరి కొట్లో రెండే మిషన్లు.
ఒకటి ఎప్పుడూ చెడిపోయి ఉండేది.
రెండోదాంట్లో ఉండేవాడు గొడుగు మావ.

అసలు పేరు తెర మీద ఏదో భాషలో వెలిగి ఆరేది,
మాకు చదవడం రాలేదు.
పదహారు చుక్కలు, పదహారు వరసల మనిషి.
ముగ్గు వేసే చెయ్యి కాబట్టి లెక్క నాకు తెలుసు.
పసుపు గొడుగు, ఎర్ర చొక్కా, కంటికి ఒక చుక్క.
నోటికి చుక్క మిగల్లేదు.

పైనుంచి రాళ్ళు పడతాయి. గొడుగు పడతాడు.
కుడి పక్కకే నడుస్తాడు. వెనక్కి తిరగడం
వాణ్ణి చేసినవాళ్ళు వాడికి నేర్పలేదు.
వాన మొహం చూడని మా ఊళ్ళో
గొడుగున్న మగవాడు వాడొక్కడే.

అన్నను లాక్కు రమ్మని అమ్మ నన్ను పంపేది.
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించి
నేరుగా అక్కడికే పోయేవాడు మాలకొండయ్య.
బూడిదరంగు వేళ్ళు. మీట మీద,
బిళ్ళ వేసే సందు మీద, అద్దం మీద పలకపిండి.
"ఇంకొక్క ప్రాణం ఉంది, ఉండవే" అనేవాడు.
ఆ ఒక్క ప్రాణం చీకటి పడ్డా పోయేది కాదు.

కరెంటు పోతే మాత్రం అన్నీ పోయేవి.
మొదటి వరసలో అన్న పేరు, మూడక్షరాలు,
వారంలో నాలుగుసార్లు పుట్టి నాలుగుసార్లు చచ్చేది.
అందుకే అంచు విరిగిన తుక్కు పలక మీద
చుక్కలు పెట్టి మావను దించాను.
కరెంటుతో పనిలేని మావ.
తడిగుడ్డ తగలకుండా అటక మీద దాచాను.
ఎలకలు ఏం చేశాయో తెలీదు.

మొన్న పొదిలిలో, అన్న కూతురు మేఘన ఫోన్లో
ఏదో కుస్తీ ఆట. కత్తులవాళ్ళు, కొమ్ములవాళ్ళు,
ఒళ్ళంతా మంటలు కట్టుకున్న ఆడవాళ్ళు.
"అత్తా, వీడు కొత్తగా వచ్చాడు,
వేరే ఆటలోంచి. చుట్టపుచూపుగా."

పసుపు గొడుగు.

ఈ పద్ధతి మా నాటకాల్లోనూ ఉండేది.
కందుకూరు సమాజం వాళ్ళు రాయబారానికి
ఒంగోలు నుంచి బాడుగకి కృష్ణుణ్ణి తెచ్చేవాళ్ళు.
కిరీటం ఆయనది, హార్మోనియం వీళ్ళది.
శ్రుతి కుదిరేదాకా ధర్మరాజు బిక్కమొహంతో నిలబడేవాడు.

మావకి కండలొచ్చాయి. మూతి వచ్చింది,
మూతితో పాటు మాటలూ వచ్చాయి, ఎవరివో.
గొడుగు మడిస్తే కత్తి, విప్పితే చక్రం.
అన్నిటికంటే, గిరుక్కున వెనక్కి తిరిగాడు.
ముప్పై ఏళ్ళలో మొదటిసారి వాడి వీపు చూశాను.
చొక్కాకి వెనక ఒక మాసిక.
ఎవరో ఎక్కడో కూచుని
వీడి వీపు ఎట్టా ఉంటుందా అని ఆలోచించారు.

అన్న టైల్స్ పని నుంచి వచ్చి
చెప్పులు విడుస్తూనే చూశాడు.
"వీడు కాదు. మనోడు దూకే ముందు ఒక్క క్షణం ఆగేవాడు."

మేఘన మంచినీళ్ళకి లేచింది. ఫోను మంచం మీద.
ఎవరూ తాకకపోయేసరికి
మావ కత్తి దించాడు. గొడుగు విప్పాడు.
కుడి కాలితో ఎడమ పిక్క గోక్కున్నాడు
రెండుసార్లు. ఆగి, ఇంకోసారి.

బిళ్ళ పడనప్పుడు దస్తగిరి కొట్లో అట్టాగే.
మా దగ్గర డబ్బుల్లేని సాయంత్రాలన్నీ
ఊరికే చూసేవాళ్ళ కోసం వాడు చేసిన పని అది.

అన్న ఏమీ అనలేదు.
బొటనవేలు చొక్కాకి తుడుచుకున్నాడు,
ఇప్పుడు పలకపిండి కాదు, సిమెంటు.
"అమ్మాయ్," అని లోపలికి కేకేశాడు,
"దీన్ని ఎట్టా ఆడాలో చెప్పిపో."