పెట్టె మీది అంకె

తీగచుట్ట పెట్టె మీద ఇరవై నాలుగు ఆంపియర్లని ఉంది.
పైకి చదివాను, ఐటీఐలో అప్పజెప్పినట్టు.
గౌరునాయుడు మేస్త్రి బీడీ ఆర్పి
"ఎక్కడ కొలిచారట?" అన్నాడు.

ముప్పై డిగ్రీల గదిలో,
ఒంటరి తీగని,
చుట్టూ గాలి ఆడుతుండగా.

"అయితే ఆ గదిలోనే ఎయ్యి దాన్ని.
మనం కంచరపాలెంలో ఉన్నాం."

మే నెల. రేకుల కింద అటక.
బోర్లా పడుకుని పాకాలి,
చెమట కనుబొమ్మ దాటి కంట్లో దిగుతుంది.
హార్బర్‌లో చేపల గోదాం నుంచి తెచ్చిన ధర్మామీటరు
వేలాడదీస్తే యాభై చూపించింది.
మేస్త్రి చెక్కముక్క మీద ఇరవై నాలుగు కొట్టేసి
పదిహేడు రాశాడు.

పైపులో అప్పటికే మూడు జతలు,
సాయంత్రం గాజువాక బస్సులో నిలబడ్డట్టు
ఒకదాని వేడి ఇంకోదాని వీపుకి.
మనది నాలుగోది.
పదిహేడు కొట్టేశాడు. పదకొండు.

కిటికీ పక్క పెట్టె విప్పితే
స్క్రూ చుట్టూ పచ్చటి చిలుము,
ఉప్పుగాలి నాకి వదిలినది.
"దీనికెంత తగ్గించాలి?"
"దీనికి పట్టికలో లెక్క లేదురా. కోసి కొత్తది బిగించడమే."

కింద నూకరత్నమ్మ అరుస్తోంది:
మూడు ఏసీలు, ఒక్క పైపు, ఆదివారం లోపల.
పక్కింటోళ్ళకి ఇలాగే ఏశారు, ఏటయ్యింది?

"ఇంకా ఏటీ అవ్వలేదమ్మా."

ఆ 'ఇంకా' దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగింది.
తర్వాత పైపుల ధర అడిగి, బేరం మొదలెట్టింది.

ఏసీలకి వేరే దార్లు, లావు తీగలు.
ఈ పాత పైపులో దారికి పది ఆంపియర్ల బ్రేకరు.
మూత బిగించేముందు మేస్త్రి
చేతివెనకతో తాకి చూశాడు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
అరచేత్తో తాకకూడదు,
కరెంటుంటే వేళ్ళు ముడుచుకుని పట్టేసుకుంటాయి.
అదెలా తెలిసిందని ఆయన్ని అడగక్కర్లేదు,
ఎడమ చెయ్యి చూస్తే చాలు.

పది రోజులకి, రాత్రి పదింటికి ఫోను.
పాలకి ఇండక్షను పొయ్యి, పెళ్ళికెళ్ళే చీరకి ఇస్త్రీపెట్టె,
రెండూ ఒకేసారి పెట్టిందట. బ్రేకరు పడిపోయిందట.
నన్నూ మేస్త్రినీ మా పనితనాన్నీ
ఊపిరి తీసుకోకుండా తిట్టింది.
వెనక చీకట్లో పిల్లల నవ్వులు,
ఎవరో కిటికీ తెరిచిన చప్పుడు.

స్పీకరు పెట్టి ఆయనకిచ్చాను.
కళ్ళు మూసుకుని
చివరిదాకా విన్నాడు.