వాన పడ్డాక చూపించు

సందానీ, ఆ టై విప్పి బండి డిక్కీలో పెట్టు.
ఒంగోలు నించి ఇక్కడికి వచ్చేసరికే
నీ కాలరు ఉప్పుగాలికి మెత్తబడింది.
బ్రోచరు కూడా అక్కడే ఉంచు.
అందులో ఉన్న కొబ్బరిచెట్లు
ఇక్కడ ఎవరూ నాటలేదు.

సింగరాయకొండ దాటాక పాకల రోడ్డు ఇది.
ఎడం పక్క సరుగుడు తోపు,
కుడి పక్క రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల మోత,
నడిమధ్య మన నూట పద్దెనిమిది ప్లాట్లు.
చూడు, తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు
పసిపిల్ల చిగుళ్లలోంచి పొడుచుకొస్తున్న పళ్లలా.

ముందు నడువు.
తూర్పు నించి పడమరకి, మళ్లీ వెనక్కి.
నాకు ఈ పని నేర్పిన పెంచలయ్యకి విజిటింగ్ కార్డు లేదు.
సర్వేయరు వెనకాల చైను లాగే మనిషి.
అడుగులో అడుగేసి లెక్కపెట్టి
టేపు తెచ్చేలోపే అనేవాడు,
"ఇక్కడ మూడడుగులు తగ్గిందమ్మాయ్."
తగ్గేది. ఎప్పుడూ తగ్గేది.

నెల్లూరాయన వస్తే అంకణాల్లో చెప్పు,
హైదరాబాదు మనిషికి గజాల్లో,
ఈ ఊరి రైతుకి సెంట్లలో.
లెక్క ఏదైనా ధర ఒక్కటే ఉండాలి.
రాత్రి ఇంటికెళ్లి వాళ్లు
పక్కింటాయనతో సరిచూసుకుంటారు.

నేనమ్మిన మొదటి ప్లాటు నలభై ఏడు.
కొన్నది ఎస్తేరమ్మ,
షెడ్డులో రొయ్యలు ఒలిచే మనిషి.
ఐసుకి పాలిపోయి చీలిన వేళ్లతో
అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టింది.
అది మే నెల. నేల మడమ కింద ఠంగుమంది.
మే నెలలో ఏ నేలైనా
నిజమే చెబుతున్నట్టు ఉంటుంది.

నవంబరులో వాయుగుండం.
నేను వెళ్లేసరికి ఆమె
చీర ఎగగట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని
తన హద్దురాయి మీద నిలబడి ఉంది.
చుట్టూ నీళ్లు, నీళ్లలో తేలుతూ
మన కంపెనీ జెండా.
తిట్టలేదు. అడిగింది అంతే,
"నీకు తెలుసా, పాపా?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.
ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక
నాకే అసహ్యంగా వినబడింది.

పన్నెండో నంబరు మెరక మీద ఉంది, ధర ఎక్కువ.
ఆ తేడా నా రెండు కమీషన్లు మింగింది.
గొప్పేం లేదు, నిద్ర పట్టక చేసిన పని.
మా ఆయన నెల రోజులు మాట్లాడలేదు.

అప్పట్నించీ ఈ నీలం అట్ట పుస్తకం.
ఏటా మొదటి పెద్దవానకి
సుద్దముక్క, కర్ర, రబ్బరు బూట్లు.
ముప్పై ఒకటి: చీలమండ.
నలభై ఏడు: మోకాలి పైన.
అరవై: తడి మాత్రమే, సాయంత్రానికి ఇంకింది.
సోమవారం మీటింగులో టార్గెట్ కంటే ముందు
ఇది చదువుతాను. టీములో కొందరు నవ్వుతారు.
ఇద్దరు హైవే అవతల కంపెనీకి వెళ్లిపోయారు.
నిరుడు షీల్డు వాళ్లకే వచ్చింది,
దాచడమెందుకు.

నీకు నేను చెప్పేది కొంచెమే.
నీళ్లు నిలుస్తాయని కస్టమరు అడక్కముందే చెప్పు.
వెళ్లిపోతే పోనీ, నా పేరు చెప్పు.
డైరెక్టరు ఫోను నేనెత్తుతాను.
రిజిస్ట్రేషన్ అయిన మూడో నెల ఫోన్ చెయ్యి,
ఏమీ అమ్మొద్దు,
కంచె వేశారా అని అడిగి పెట్టెయ్యి.
ఎస్తేరమ్మకి నేనిప్పటికీ చేస్తాను.
ఒక్కోసారి ఎత్తదు.

ఎవరు ఫోన్లో? కందుకూరు మాస్టారేనా?
మబ్బు పట్టింది, ఇంకో రోజు వస్తానంటున్నాడా?
ఈ రోజే రమ్మను.
మన దగ్గర గొడుగులు రెండున్నాయి.