ఒక అక్షరం తక్కువై

కాశీబుగ్గలో మా షాపు మెట్లెక్కేవాళ్లని
చూడకుండానే చెప్పగలను.
జీడిబట్టీలవాళ్లయితే ముందు పొగ వస్తుంది,
తర్వాత మనిషి.

తవిటమ్మ కొంగు ముడి విప్పి
గోరంత కార్డు నా అరచేతిలో పెట్టింది.
"కేబులెడితే ఛార్జింగే ఎక్కుతాది బాబూ, బొమ్మలు దిగవు.
దీన్లోంచి తియ్యి."

రీడర్లో పెట్టి గుచ్చాను.
టుంగ్‌మనలేదు.
తీసి, ఊది, మళ్లీ గుచ్చాను.
ముందు పోర్టు వదిలేసి, బల్లకింద దూరి
సాలెగూడు తప్పించి వెనక పోర్టు.
కార్డు బంగారు పళ్లని మా పాప రబ్బరుతో తోమాను.
అడాప్టరు పక్క మీట పైకి, కిందికి.
డ్రైవరు తీసేసి మళ్లీ ఎక్కించాను.
ఆపి, అరవై లెక్కపెట్టి, ఆన్ చేశాను.
మెషీను నన్ను చూసింది,
బాకీ ఉన్నవాడు పెళ్లిభోజనాల్లో ఎదురుపడి
చూసీ చూడనట్టు.

"కార్డే పోయినట్టుందమ్మా."
"పోనేదు. పొద్దున్న కూడా తీసినాను."
స్టూలు లాక్కుని కూచుంది.
"డిపోలో మిసనూ ఇంతే.
ఏలెడితే నువ్వు నువ్వు కావంతాది.
పదకొండేళ్లు పిక్కలు కొట్టినానా,
గీతలన్నీ జీడినూనె తినీసింది."
బొటనవేలు చూపించింది.
వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ల,
అంచులు మాత్రం నలుపు.

నా సొరుగులో కార్డు పెట్టి చూశాను. రాలేదు.
మా తమ్ముడి కెమెరా కార్డు. అదీ రాలేదు.
అప్పుడు తెలిసింది తప్పెవరిదో.
ఇందాకటి మాట వెనక్కి తీసుకోవాల్సింది.
తీసుకోలేదు, మౌసు కదుపుతూ కూచున్నాను.

డిస్కుల పట్టీ తెరిస్తే, అట్టడుగున
ఉంది.
ముప్పైరెండు జీబీ, ఆరోగ్యం బాగుంది అని కూడా రాసుంది.
గుచ్చిన ప్రతిసారీ దానికి తెలుసు.
పక్కన అక్షరం మాత్రం లేదు.
దానికి రావాల్సింది ఎఫ్.
ఎఫ్ మీద ఎవరో కూచునున్నారు:
నాలుగేళ్ల కిందట ఎత్తేసిన పక్క జెరాక్సు షాపుకి
మేం కలుపుకున్న నెట్‌వర్కు దారి.
షాపు లేదు, దారి లేదు,
గోడకి మేకులున్నాయిగానీ వైరు లేదు.
పట్టా మాత్రం వాడి పేరు మీదే.
పొలాలకి చూశాను ఇలాంటివి,
కంప్యూటర్లో ఇదే మొదలు.

వాడితో తగువెందుకని
తవిటమ్మ కార్డుకి టి ఇచ్చాను.
టుంగ్.

నూట నలభై మూడు ఫోటోలు.
మనిషి లేదు, పండగ లేదు, బారువా సముద్రం లేదు.
అన్నీ కాటాలే.
ఎర్రటి అంకెలు, కింద తారీకు.
పదకొండు కిలోల నాలుగొందలు.
పన్నెండు.
పది కిలోల తొమ్మిదొందలు.
ప్రతి దాని మూలా
అడ్డమొచ్చిన బొటనవేలు, మసగ్గా.

"మేస్త్రి పుస్తకంలో అన్నీ తొమ్మిదే,"
అంది, తెరకి దగ్గరగా వంగి.
"నన్ను తవుడుకి కొన్నారని ఈ పేరెట్టినారు.
తూకం నాకు తెల్దేటి?"

"రంగులా, నలుపేనా?"
"అంకెలు అవుపిస్తే సాల."

కాగితానికి నాలుగు చొప్పున వేశాను.
ఆ వేళ్లకి కాగితాలు విడిపడవు,
నాలిక తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది.
"ముప్పై ఐదే ఉన్నాయి."
నిజమే. ఒకటి ప్రింటర్లో ఇరుక్కునుంది.

నూట ఎనభై అని బిల్లు రాసిచ్చాను.
బేరమాడలేదు. డబ్బులు లెక్కపెట్టి బల్లమీద పెట్టింది.
కార్డు ఫోన్లోకి తోసి, మూత నొక్కి,
బిల్లుని వెలుతురుకి తిప్పి
ఫోటో తీసుకుంది.