గంటల ముల్లు

ఆదివారం. బల్లార్‌పూర్ బడి వరండాల
వైశాలీ టీచరు అట్టలు పంచింది:
ఇంటికొక్క గడియారం, అందరు కలిసి చెయ్యాలె.
అట్టకు కాగితం మిల్లు వాసన,
మా బజారంతటికీ ఉన్న వాసనే.

రాత్రి పాళీ దిగి మా ఆయన తిన్నగ ఇటే వచ్చిండు,
చెవుల ఎనుక బొగ్గు కడగకుండ.
పళ్లెం బోర్లించి గుండ్రం గీసిండు,
గీసినోడు గీసినట్టే గోడకొరిగి గురక.

రుతుజ మరాఠీ అంకెలేసింది, ఆరు దాక.
మా అత్త ఓదెమ్మ పెన్సిలు గుంజుకున్నది.
ఎన్నడో వాళ్ల నాయిన ఇసుకల దిద్దిచ్చిన ఏడు,
వంకర పోకుండ దించింది: ౭.
తర్వాత చెయ్యి ఆగింది.
"ఎనిమిదెట్లుంటదే?"
నాకు రాదు. పిల్లకు రాదు.
తొమ్మిది నుంచి మళ్ల మరాఠీ.

ఇగ ముండ్లు కావాలె. "కాటా" అన్నది పిల్ల.
"అదేందే, ముల్లును ముల్లే అంటరా వాళ్లు గూడ!"
అత్త లేచిపోయి కంచెల తుమ్మముండ్లు ఇరుసుకొచ్చింది,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

ఎనిమిది జాగ తెల్లగనే ఉన్నది.
పొద్దుగాల ఆ యాల్లకే బాయిల నుంచి మనిషి పైకొస్తడు;
పొయ్యి మీద నీళ్లు పెట్టి
నేను తలుపు దిక్కు చూస్త.
నిద్రల ఉన్నోని బొటనవేలు పట్టి
అక్కడ ఒత్తిన.

బంక పెడుతుంటే పొట్టిది జారింది.
అందరం వంగి వెతుకుతున్నం.
ఆయన లేచి ఒళ్లిరుసుకుంటే చెప్పిన:
చూసి అడుగెయ్యి,
గంటల ముల్లు ఈడనే ఎక్కడనో పడ్డది.